పక్క సందు చెప్పే కథ: బర్మింగ్‌హామ్ జంట ఇళ్ల నిర్మాణం

ఇంగ్లండులో ఇల్లు వెతికే తెలుగు కుటుంబాలకు తొందరగా అలవాటయ్యే మాట సెమీ. సెమీ డిటాచ్డ్ అంటే ఒక ఉమ్మడి గోడకు అటూ ఇటూ, ఎడమ కుడులు తారుమారు చేసి కట్టిన రెండిళ్లు. చూడటానికి వెళ్లినవాళ్ల దృష్టంతా ఆ గోడ మీదే ఉంటుంది. పక్కింటి టీవీ వినిపిస్తుందా, వాళ్ల పిల్లలు మెట్లు దిగితే మనకు తెలుస్తుందా అని అడుగుతారు. ఆ టెన్షన్ సహజమే. అయితే ఈ ఇంటి ప్లాను ఇలా ఎందుకుందో తెలియాలంటే ఆ గోడకు వీపు పెట్టి రెండో వైపు చూడాలి. అక్కడ, పక్క జంటకూ దీనికీ నడుమ, ఒక సందు ఉంటుంది. మెట్ల మీద పడే వెలుగు, వంటింటి పక్క తలుపు, పెరట్లోకి దారి, అన్నీ ఆ సందు చలవే. ఆ సందు బొత్తిగా లేని ఇళ్లు, పేరుకు మాత్రం ఉన్న ఇళ్లు, దర్జాగా ఉన్న ఇళ్లు బర్మింగ్‌హామ్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అందుకే ఈ కథ ఆ ఊళ్లో చెప్పుకోవడం తేలిక.

సందు లేని ఇళ్లతో మొదలుపెట్టాలి. నగరం నడిబొడ్డున హర్స్ట్ స్ట్రీట్, ఇంజ్ స్ట్రీట్ కలిసే మూలన 19వ శతాబ్దం తొలి దశాబ్దాల నాటి చిన్న ఇళ్ల సముదాయం ఒకటుంది. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ బాగుచేయించి, 2004 నుంచి జనానికి చూపిస్తోంది. వీటిని బ్యాక్ టు బ్యాక్ ఇళ్లంటారు. వీధి వైపు ఒక ఇల్లు, దాని వెనక గోడకే ఆనుకుని లోపలి వాకిలి వైపు మరో ఇల్లు. రెండు పక్కలా కూడా పొరుగిళ్లే. అంటే మూడు వైపులా గోడలు పొరుగువాళ్లతో ఉమ్మడి, కిటికీలకు మిగిలింది ఒక్క వైపు. అంతస్తుకో గది చొప్పున మూడు అంతస్తులు. కిటికీ తెరిస్తే గాలి లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా అదొక్కటే దారి. కుళాయి, మరుగుదొడ్లు, బట్టలుతికే గది అన్నీ వాకిట్లో, అందరికీ కలిపి. ఇలాంటివి కొత్తగా కట్టకూడదని మునిసిపాలిటీ 1876లో నిబంధన పెట్టింది. దేశం మొత్తానికి ఆ నిషేధం 1909 చట్టంతో వచ్చింది. అప్పటికే కట్టినవి మాత్రం ఎక్కడికీ పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఒక్క బర్మింగ్‌హామ్‌లోనే దాదాపు 43 వేల బ్యాక్ టు బ్యాక్ ఇళ్లు, వాటిలో సుమారు 2 లక్షల మంది ఉండేవారు.

1876 తర్వాత బిల్డర్లు ఏం చేశారన్నది ఆసక్తికరం. వెనక పెరడు ఉండి తీరాలని నిబంధన చెప్పింది. వాళ్లు పెరడు ఇచ్చారు, వీధి పొడవునా గోడకు గోడ కలిపి కట్టడం మాత్రం మానలేదు. మరి బొగ్గు బస్తా వెనక్కి ఎలా చేరాలి? పొయ్యి బూడిద, మరుగుదొడ్డి చెత్త ముందు గదిలోంచి మోసుకుపోతారా? దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం వరుసలో రెండేసి ఇళ్లకు నడుమ నేల అంతస్తులో ఒక సన్నటి నడవ, దాని మీద యథాప్రకారం పడకగదులు. వీధిలోంచి చూస్తే ఇళ్ల వరుసలో చీకటి కన్నంలా కనిపిస్తుంది. ఈ ఇళ్లకు బర్మింగ్‌హామ్‌లో టనెల్ బ్యాక్ అనే పేరు ఈ నడవ వల్లే వచ్చింది. వెనక వంటిల్లు ఇంటి వెడల్పులో సగం మేర పొడుచుకొచ్చి పెరట్లోకి సాగుతుంది. దాంతో మధ్య గది కిటికీకి ఎదురుగా వంటింటి గోడ, పొరుగు వంటింటి గోడ. వెలుతురు బావిలోకి దిగినట్టు దిగాలి. ఇంతా చేసి ఈ నడవ ఒప్పుకున్నది ఒకే విషయం: ఇంటికి పక్క నుంచి దారి కావాలి. దాని మీది పడకగదులు తీసేసి, పైన ఆకాశం కనిపించేలా తెరిచేస్తే ఇళ్ల వరుస జంటలుగా విడిపోతుంది. బర్మింగ్‌హామ్ కార్మికుల ఇళ్లలో ఆ పని జరగడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది.

డబ్బున్నవాళ్లు అప్పటికే ఆ సందు కొనుక్కుని ఉన్నారు. నగరానికి నైరుతిగా ఉన్న ఎడ్జ్‌బాస్టన్ భూములు 1717లో గాఫ్ కుటుంబం కొన్నవి. తర్వాత కాల్‌థార్ప్ ప్రభువులుగా పేరు పొందింది ఆ కుటుంబమే. వాళ్లు భూమి అమ్మలేదు, 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఫ్యాక్టరీ పెట్టకూడదు, ఇంట్లో వర్క్‌షాపు నడపకూడదు అని లీజులోనే రాయించుకున్నారు. పక్కనే వెయ్యి రకాల లోహపు పనులతో పొగలు కక్కే ఊళ్లో ఆ షరతు బంగారంతో సమానం. ఎడ్జ్‌బాస్టన్‌లో జార్జ్ రోడ్, ఫ్రెడరిక్ రోడ్ లాంటి చోట్ల గార పూసి తెల్లగా రంగు వేసిన విల్లాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో కొన్ని జంటలు. ఇటుక గోడ మీద గార పూసి రాతి కట్టడంలా భ్రమ పుట్టించడం, పల్చటి వాలుతో స్లేట్ పలకల కప్పు, పైకి కిందికి జరిపే పొడవాటి కిటికీలు అప్పటి ఫ్యాషన్.

ఈ జంట విల్లాల వెనకున్న ఆలోచనను బాగా వివరించే మనిషి జాన్ క్లాడియస్ లౌడన్. తోటల నిపుణుడు, రచయిత. లండన్ బేస్‌వాటర్‌లో పోర్చెస్టర్ టెర్రస్ మీద 1823–24లో తన కోసం ఒక జంట ఇల్లు కట్టుకున్నాడు. ముందు నుంచి చూస్తే అది ఒకే పెద్ద భవంతి. నడిమధ్య అద్దాల గోపురం, రెండు తలుపులూ కనిపించకుండా చెరో పక్కన. ఉమ్మడి గోడ సరిగ్గా గోపురం వెనక దాక్కుంటుంది. కొద్ది ఏళ్లకే ఎడ్జ్‌బాస్టన్‌లో కాల్‌థార్ప్ భూమిలో బొటానికల్ గార్డెన్స్‌కు ప్లాను గీసిందీ ఆయనే. 1832లో అది తెరుచుకుంది. లౌడన్ లాంటివాళ్ల లెక్క సూటిగా ఉంటుంది. రెండిళ్లు కలిపితే ఒక గోడ ఖర్చు, పొగగొట్టాల ఖర్చు, కొంత నేల వెడల్పు మిగులుతాయి. తలుపులు పక్కకు పెడితే ఇద్దరు మధ్యతరగతి అద్దెదారులకు ఒక జమీందారు ఇంటి ముఖం దొరుకుతుంది. ఇక్కడ పక్క సందుకు ఆరోగ్యంతో పెద్ద పని లేదు. గుర్రబ్బండి రావాలి, గుమ్మం దాగాలి, అంతే.

ఆ నాటకం ఎక్కువ కాలం సాగలేదు. అద్దం మీద సుంకం 1845లో, ఇటుక మీద సుంకం 1850లో, కిటికీల పన్ను 1851లో పోయాయి. కిటికీలు వెడల్పయ్యాయి, ఇటుకను గార కింద దాచాల్సిన పని తగ్గింది. మోస్లీ, హ్యాండ్స్‌వర్త్ లాంటి శివార్లలో విక్టోరియా కాలం చివర కట్టిన ఎర్ర ఇటుక జంటల్లో రెండు తలుపులూ వీధికే తెరుచుకుంటాయి. ఎవరి త్రికోణపు ముంగోడ వాళ్లదే, ఎవరి బే విండో (గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే కిటికీ) వాళ్లదే. రెండిళ్లని దాచకుండా చెప్పే జంటలివి. అలంకారం తప్ప ప్లానులో పెద్ద మార్పేమీ లేదు కాబట్టి ముందుకు పోవచ్చు.

ప్లాను మారింది బోర్న్‌విల్‌లో. క్యాడ్‌బరీ సోదరులు రిచర్డ్, జార్జ్ 1879లో తమ చాక్లెట్ ఫ్యాక్టరీని ఊరి మధ్యలోని బ్రిడ్జ్ స్ట్రీట్ నుంచి దక్షిణాన పొలాల్లోకి మార్చారు. అప్పుడే ఫోర్‌మన్‌లూ ముఖ్యమైన ఉద్యోగుల కోసం పక్కనే 16 సెమీలు కట్టించారు. అసలు పని 1893లో జార్జ్ క్యాడ్‌బరీ మరో 120 ఎకరాలు కొన్నాక మొదలైంది. 1895 నుంచి ఇళ్లు లేచాయి. వాటిలో ఎక్కువ గీసిన విలియం అలెగ్జాండర్ హార్వీ అప్పటికి 20 ఏళ్లు దాటిన కుర్రవాడు. తొలి ఇళ్లు 143 దాకా 999 ఏళ్ల లీజు మీద అమ్మారు. కొన్నవాళ్లలో కొందరు లాభానికి మళ్లీ అమ్ముకోవడం మొదలెట్టేసరికి, మద్యానికి దూరంగా ఉండే క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన జార్జ్ క్యాడ్‌బరీ పద్ధతి మార్చి 1900లో 313 ఇళ్లతో, 330 ఎకరాలతో బోర్న్‌విల్ విలేజ్ ట్రస్ట్ ఏర్పాటు చేశాడు. ఊళ్లో సారా దుకాణం ఉండకూడదన్నదీ ఆయన మాటే. ఫ్యాక్టరీలో పనిచేయనివాళ్లకూ ఇళ్లిచ్చారు.

బోర్న్‌విల్ గురించి రాసేవాళ్లు చాలామంది దాని పల్లెటూరి అందం దగ్గరే ఆగిపోతారు. కిందికి దిగిన చూరు, గరుకు పూత గోడలు, కప్పులోంచి తొంగిచూసే కిటికీలు నిజంగానే ముచ్చటగా ఉంటాయి. అసలు పనితనం మాత్రం ప్లానులో, కొలతల్లో ఉంది. ఇల్లు స్థలంలో నాలుగో వంతుకు మించకూడదు. రోడ్డు వెడల్పు 42 అడుగులు, రోడ్డుకూ ఇంటికీ మధ్య కనీసం 20 అడుగులు. సెట్‌బ్యాక్ కోసం మునిసిపాలిటీతో కుస్తీ పట్టే మన ఊళ్లవాళ్లకు ఈ అంకెల విలువ వేరే చెప్పక్కర్లేదు. హార్వీ చేసిన పెద్ద మార్పు వెనకకు పొడుచుకొచ్చే వంటింటి భాగాన్ని ఎత్తేయడం. వంటింటిని అసలు కప్పు కిందికే తెచ్చాడు. దాంతో ఇంటి లోతు తగ్గి వెడల్పు పెరిగింది, మధ్య గదికి పట్టిన చీకటి వదిలింది, ముందు కిటికీ వెనక కిటికీ ఎదురెదురుగా వచ్చి గాలి ఆడింది. వెడల్పాటి ఇంటికి ఎక్కువ రోడ్డు పొడవు కావాలి, రోడ్డు వేయడం ఖరీదు. జంట చేయడం ఆ ఖర్చుకు విరుగుడు.

అందం వైపు నుంచి కూడా జంటకు కారణముంది. రెండు మూడు గదుల చిన్న ఇంటిని ఒంటరిగా కడితే పెట్టెలా ఉంటుంది. రెండు కలిస్తే కప్పుకు పొడవు, త్రికోణపు ముంగోడకు చోటు, పొగగొట్టానికి ఒడ్డూ పొడుగూ వస్తాయి. హార్వీ ఆ చోటును రకరకాలుగా వాడాడు. ఒకచోట రెండు తలుపులనూ పక్కపక్కనే పెట్టి ఒకే వసారా కిందికి తెచ్చాడు, ఇంకోచోట వాటిని చివరలకు పంపాడు. స్నానాల గదికి డబ్బు చాలని చిన్న ఇళ్లలో తొట్టిని వంటింటి నేలలోకి దించి పైన మూత పెట్టాడు. కొన్నింట్లో అది బీరువాలో నిలబెట్టి ఉంటుంది, కావాల్సినప్పుడు కిందికి వాల్చుకోవాలి. అద్దెదారు దిగేసరికి పెరడు దున్ని, పళ్లమొక్కలు నాటి ఉండేవి. ఆ పెరట్లోకి దారి ఇప్పుడు చీకటి నడవలోంచి కాదు, ఇంటి పక్క నుంచి, ఆకాశం కింద.

ఈ నమూనా ఊరంతా పాకడానికి ఇంకొందరు కారణం. బర్మింగ్‌హామ్ కౌన్సిల్లో గృహ కమిటీ నడిపిన జాన్ నెటిల్‌ఫోల్డ్ 1907లో హార్బోర్న్‌లో మూర్ పూల్ ఎస్టేట్‌కు పునాది వేయించాడు. ఎకరాకు ఎన్ని ఇళ్లుండాలన్నది అప్పటి పెద్ద చర్చ. 1918లో వచ్చిన ట్యూడర్ వాల్టర్స్ కమిటీ నివేదిక పట్టణాల్లో ఎకరాకు 12 ఇళ్లు మించొద్దని, ఎదురెదురు ఇళ్ల మధ్య 70 అడుగులు ఉండాలని సిఫారసు చేసింది. శీతాకాలపు వాలు ఎండ కూడా కింది గది కిటికీకి అందాలన్నది ఆ 70 అడుగుల లెక్క. 1919 నుంచి ప్రభుత్వ సొమ్ముతో కౌన్సిల్ ఇళ్లు, అంటే నగరపాలక సంస్థే కట్టి అద్దెకిచ్చే ఇళ్లు, మొదలయ్యాయి. బర్మింగ్‌హామ్‌లో 40 వేలవ కౌన్సిల్ ఇంటిని 1933లో వీయోలీ క్యాజిల్‌లో అప్పటి ఆర్థిక మంత్రి, తర్వాత ప్రధాని అయిన నెవిల్ చాంబర్లేన్ ప్రారంభించాడు. రెండో యుద్ధం నాటికి లెక్క 50 వేలు దాటింది. జంటలుగా, నాలుగేసిగా కట్టిన ఈ ఇళ్లు బోర్న్‌విల్ ప్లానును తీసుకుని అలంకారం వదిలేశాయి. చదునైన ముఖం, బే విండో ఉండదు.

సరిగ్గా ఆ లేనిదాన్నే ప్రైవేటు బిల్డర్లు పట్టుకున్నారు. 1932లో బ్యాంకు వడ్డీ రేటు 2 శాతానికి పడిపోయింది, ఇంటి అప్పులు చవకయ్యాయి. గుమాస్తాలు, నిపుణ కార్మికులు సొంతిల్లు కొనగలిగారు. వాళ్లకు కావాల్సింది కౌన్సిల్ ఇల్లు కాదని దూరం నుంచే తెలిసే ఇల్లు. అందుకే రెండంతస్తుల గుండ్రటి బే విండో, పైన త్రికోణంలో నల్ల చెక్క పట్టీలు, తలుపు అద్దంలో ఉదయిస్తున్న సూర్యుడి కిరణాలు. ఆ నల్ల చెక్కలు ఏ బరువూ మోయవు, ఇటుక మీద బిగించిన పలకలంతే. అప్పటి ఆర్కిటెక్టులు 16వ శతాబ్దపు ఇంగ్లీషు ఇళ్లను అనుకరించే ఈ దొంగ ట్యూడర్ వేషాన్ని తెగ వెక్కిరించారు. వేషం సంగతి ఎలా ఉన్నా ప్లానులో మోసం లేదు, ఆ వెక్కిరింత దాన్ని చూడలేదు.

ఒక మామూలు 1930ల సెమీలోకి వెళ్తే అది తెలుస్తుంది. ముందు తలుపు ఇంటి బయటి అంచున, సందు వైపు ఉంటుంది. లోపల నడవ, మెట్లు కూడా ఆ అంచునే. మెట్ల మలుపులో పక్క గోడకు కిటికీ, తరచూ రంగు అద్దంతో. నడవ చివర వెనక మూలన చిన్న వంటిల్లు, దానికి సందులోకి తలుపు. పాలు, బొగ్గు, చెత్తడబ్బా అన్నీ ఆ తలుపు నుంచే. ఉమ్మడి గోడ వైపు ముందొకటి వెనకొకటి రెండు పెద్ద గదులు, రెండింటికీ చలి కాచుకునే పొయ్యిలు. పొరుగింటి పొయ్యిలు అదే గోడకు అటువైపు. నాలుగు పొయ్యిల వేడి ఒకే ఇటుక దిమ్మెలో చేరి రెండిళ్ల నడుమే ఉండిపోతుంది, బయటి గోడ నుంచి వృథాగా పోదు. కప్పు మీద పొగ పోయే మట్టి గొట్టాలు లెక్కపెడితే కింద ఎన్ని పొయ్యిలుండేవో తెలిసిపోతుంది. పైన రెండు పెద్ద పడకగదులు, నడవ మీద పెట్టెంత మూడో గది. అంటే వేడి, కూర్చునే చోటు ఉమ్మడి గోడకు, వెలుగు, నడక, మురికి పని సందుకు. కొన్నిచోట్ల దీన్ని తిరగేసి రెండిళ్ల నడవలనూ పక్కపక్కన పెట్టారు. అప్పుడు గదుల మధ్య రెండు నడవల దూరం వచ్చి పక్కింటి చప్పుడు తగ్గుతుంది. ఏజెంట్లు దాన్ని ప్రత్యేకంగా చెప్పి అమ్ముతారు.

వాస్తు చూసే తెలుగువాళ్లకు అద్దంలో బింబంలా తిరగేసిన ఈ ప్లాను ఒక చిత్రమైన సౌకర్యం. ఉత్తర ముఖంగా ఉన్న జంటలో తూర్పు సగానికి వంటిల్లు ఆగ్నేయంలో వస్తుంది, పడమటి సగానికి నైరుతిలో. రెండిళ్లూ ఒకే బిల్డరు, ఒకే ఇటుక, కొనేవాడి పట్టింపును బట్టి ఒకటి పనికొస్తుంది, ఒకటి పనికిరాదు.

గోడల వయసు తెలుసుకోవడానికి ఇటుకల వరుస చూస్తే చాలు. ఇటుకల పొడుగు ముఖాలూ పొట్టి ముఖాలూ కలిసి కనిపిస్తే అది 9 అంగుళాల గట్టి గోడ, ఎక్కువగా మొదటి యుద్ధానికి ముందుది. అన్నీ పొడుగు ముఖాలే కనిపిస్తే రెండు పల్చటి గోడల మధ్య రెండంగుళాల ఖాళీ వదిలిన నిర్మాణం, ఎక్కువగా 1920ల తర్వాతది. ఈ ఖాళీ వాన తేమను లోపలికి రానీయదు. ఇప్పుడు దాన్ని ఇన్సులేషన్‌తో నింపుతున్నారు.

ఆ తర్వాతి కథంతా సందు మూసుకుపోయే కథ. మొదట సందులో కారు పెట్టారు, తర్వాత గ్యారేజీ కట్టారు, గ్యారేజీ మీద పడకగది లేపారు. పక్క జంటవాళ్లూ అదే పని చేస్తే రెండు జంటలు కలిసి మళ్లీ పొడవాటి వరుస అవుతుంది. ప్లానింగ్ అధికారులు దీన్ని టెర్రసింగ్ ఎఫెక్ట్ అంటారు. దాన్ని ఆపడానికే చాలా కౌన్సిళ్లు పై అంతస్తును సరిహద్దు నుంచి లోపలికో, ముంగోడ నుంచి వెనక్కో జరిపి కట్టమంటాయి. వెనక వైపు కట్టే గదులకు బర్మింగ్‌హామ్‌లో 45 డిగ్రీల కోడ్ అని పేరుపడ్డ నిబంధన ఉంది. పక్కింటి కిటికీ నుంచి 45 డిగ్రీల గీత గీస్తారు, కొత్త గోడ ఆ గీత దాటకూడదు. టనెల్ బ్యాక్ ఇళ్లు పొరుగు కిటికీకి చేసిన అన్యాయం మళ్లీ జరక్కుండా ఇదొక అడ్డు. ఉమ్మడి గోడ మీద పని చేయాలంటే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పొరుగువారికి రెండు నెలల ముందే నోటీసు ఇవ్వాలి.

కప్పుల సంగతి ఇంకోలా పోయింది. నాలుగు వాలుల కప్పులో పక్క వాలును తీసేసి నిట్టనిలువు గోడ లేపితే అటకలో మంచి గది వస్తుంది. సెమీకి 50 ఘనపు మీటర్ల దాకా మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు, వరుస ఇళ్లకైతే 40. జంటలో ఒకరే ఆ పని చేస్తే ఒక భుజం ఎత్తుగా, ఒక భుజం వాలుగా మిగులుతుంది. 1980 చట్టంతో అద్దెదారులు కౌన్సిల్ ఇళ్లు కొనుక్కున్న పేటల్లో ముంగోడ నడిమధ్య నిలువు గీత కనిపిస్తుంది. ఒక సగానికి కొత్త రంగు, ప్లాస్టిక్ కిటికీలు, రెండో సగం పాత ఇటుక. పాత రూపాన్ని కాపాడాలని గుర్తించిన కన్జర్వేషన్ ఏరియాల్లో ఈ స్వేచ్ఛ తక్కువ. హాల్ గ్రీన్‌లో స్కూల్ రోడ్ మీది 1930ల సెమీలకూ ఆ హోదా ఉందంటే, ఒకప్పుడు ఆర్కిటెక్టులు వెక్కిరించినదే ఇప్పుడు కాపాడాల్సిన వారసత్వం అయిందన్నమాట. బోర్న్‌విల్‌లో, ఎడ్జ్‌బాస్టన్‌లో అయితే ఇల్లు పూర్తిగా సొంతమైనా కిటికీ మార్చడానికి ఎస్టేటు అనుమతి అడగాల్సిన సందర్భాలుంటాయి. 1967 చట్టం లీజుదార్లకు భూమి కొనుక్కునే హక్కు ఇస్తూనే, ఎస్టేట్లు బయటి రూపం మీద పట్టు నిలుపుకోవడానికి వీలు కల్పించింది.

ఇప్పుడు సందుకు కొత్త బేరం వచ్చింది. గ్యాస్ బాయిలర్ బదులు, బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంపు పెట్టాలంటే దాని పెట్టె ఆరుబయట ఉండాలి. పర్మిషన్ లేకుండా పెట్టాలంటే అది సరిహద్దుకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలని ఇంగ్లండులో 2025 దాకా నిబంధన ఉండేది. సెమీ సందుల్లో చాలావాటికి పెట్టె పోను అంత చోటు మిగలదు. 2025లో ఆ మీటరు షరతు ఎత్తేశారు, శబ్దం మీద పరిమితి ఉంచారు. గ్యారేజీ కట్టకుండా సందు మిగుల్చుకున్న ఇళ్లకు అది పనికొచ్చింది. మిగిలినవాళ్లు పెరట్లో చోటు చూసుకోవాలి.